టైర్లకు చైన్లు, డిక్కీలో పులిహోర: నాన్నతో టాహో ఘాట్ రోడ్డు

నాన్నకి మంచు చూడాలని పెద్దగా లేదు, మంచులో బండి ఎలా నడుపుతారో చూడాలని ఉంది. నర్సీపట్నం డిపోలో ఆర్టీసీ డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. చింతపల్లి ఘాట్ మీద, లంబసింగి పొగమంచులో ఎన్ని తెల్లవారుజాములు బస్సు తిప్పాడో ఆయనకే లెక్క లేదు. శాన్‌ఫ్రాన్సిస్కో తీసుకెళ్తే గోల్డెన్ గేట్ బ్రిడ్జికి వీపు పెట్టి, పార్కింగులో ఉన్న టూరిస్టు బస్సు డ్రైవరు సీటు చూస్తూ నిలబడ్డాడు. ఫిబ్రవరి లాంగ్ వీకెండ్‌కి అందరం మంచుకొండల మధ్య సరస్సుండే టాహో వెళ్దామని అక్క అన్నప్పుడు కూడా ఆయన అడిగింది ఒకటే: "టైర్లకి గొలుసులు కడతారంట గదా, అవి ఎవరు కడతారు?"

మనమే కట్టుకోవాలి నాన్నా అన్నాను. అప్పుడు ఆయనకి ట్రిప్పు మీద ఇష్టం పుట్టింది.

గురువారం సాయంత్రం, ఫ్రీమాంట్‌లో మా ఇల్లు

చైన్లు కొనడానికి కారు పేరు చెబితే చాలదు, టైరు పక్కన రాసిన సైజు కావాలి. మా క్యామ్రీకి 215/55 ఆర్ 17. కారు మాన్యువల్ తీసి చూస్తే టైరుకీ లోపలి భాగాలకీ మధ్య సందు తక్కువ, లావు గొలుసులు వెయ్యకూడదని ఉంది, అందుకని సన్న కేబుల్ రకం తీసుకున్నాను. 84 డాలర్లు. పెట్టె విప్పకుండా తెస్తే డబ్బు వెనక్కి ఇస్తామన్నాడు కౌంటర్లో కుర్రాడు. మనవాళ్లలో చాలామంది ఈ వాపసు ఆశతోనే సీలు తియ్యకుండా డిక్కీలో పడేసుకుని వెళ్తారు. చివరికి ఆ సీలు కొండ మీద, చీకట్లో, వేళ్లు కొంకర్లు పోతున్నప్పుడు విప్పాల్సి వస్తుంది, లోపలి కాగితం మీద బొమ్మలు అప్పుడు మొదటిసారి చూస్తారు.

నాన్న ఇంటికి రాగానే విప్పేశాడు. అపార్ట్‌మెంట్ పార్కింగులో నేల మీద పరిచి, చిక్కు తీసి, కొక్కేల మొన టైరు వైపు కాకుండా బయటికి ఉండాలని తనే కనిపెట్టాడు. ముందు చక్రాలకి వెయ్యాలంటే మాత్రం ఒప్పుకోలేదు. "బస్సుకి నెట్టేవి వెనక చక్రాలు. ముందు కడితే ఏటి ఉపయోగం?" ఈ కారులో ఇంజను తిప్పేది ముందు చక్రాలనే, తిరిగే చక్రానికే గొలుసు అని చెబితే కాసేపు బానెట్ కింద తల పెట్టి చూసొచ్చి సరే అన్నాడు. చక్రం లోపలివైపు కొక్కెం అందకపోతే స్టీరింగు పూర్తిగా ఒక పక్కకి తిప్పమన్నదీ ఆయనే. అలా తిప్పితే చెయ్యి దూరేంత చోటు దొరుకుతుంది. మొదటి టైరుకి అరగంట పైన పట్టింది, రెండోదానికి పది నిమిషాలు.

మోకాళ్ల కింద వేసుకోవడానికి పాత యోగా మ్యాటు, ఉలెన్ గ్లవ్స్ మీద తొడుక్కునే రబ్బరు గ్లవ్స్, తలకి పెట్టుకునే లైటు, చిన్న పార, దుప్పట్లు డిక్కీలో సర్దాను. వాటి పక్కన అమ్మ పులిహోర డబ్బా, చెక్కలు, ఫ్లాస్కులో కాఫీ.

బావకి ఫోన్ చేసి నువ్వూ ఒక జత కొనుక్కో అన్నాను. "మాది ఆల్ వీల్ డ్రైవ్, నాలుగు చక్రాలూ ఇంజనే తిప్పుతుంది, మంచు టైర్లని చెప్పే ఎం ప్లస్ ఎస్ గుర్తు కూడా ఉంది, నాకెందుకు?" కాలిఫోర్నియా రూలు ప్రకారం చైన్ కంట్రోల్ ఉన్నచోట, అంటే మంచుకి చైన్లు తప్పనిసరి చేసిన రోడ్డు మీద, ఆల్ వీల్ డ్రైవ్ బండి కూడా చైన్లు వెంట పెట్టుకోవాలి, తొడగకపోయినా సరే. "ఎవడడుగుతాడు బావా?"

శుక్రవారం, ఆబర్న్ దాటాక

ఉదయం ఆరింటికి బయల్దేరాం. ఆబర్న్‌లో ఎండ కాస్తోంది. ఇకీడాస్ అని పళ్లూ, పళ్లు కూరి కాల్చే 'పై'లూ అమ్మే పాత దుకాణం ఉంది, టాహో వెళ్లేవాళ్లు అక్కడ ఆగడం ఆనవాయితీ. శుక్రవారం కాబట్టి అమ్మ బర్గర్ల వైపు చూడలేదు. 'ఆపిల్ పై' ఒక ముక్క తిని, దాల్చినచెక్క ఎక్కువైంది అని తీర్పు చెప్పి, ఇంకో ముక్క పొట్లం కట్టించుకుంది. అక్కడే ట్యాంకు నిండా పెట్రోలు కొట్టించాను. కొండ మీద ట్రాఫిక్ ఆగిపోతే హీటరు నడవాలంటే ఇంజను నడుస్తూ ఉండాలి గదా.

కోల్‌ఫాక్స్ దగ్గర వాన మొదలైంది, అక్కడినుంచి ఇంకొంచెం ఎక్కేసరికి ఆ వాన చినుకు చినుకుకీ తెల్లబడుతూ వచ్చింది. రోడ్డు పక్కన లైట్ల బోర్డు మీద చైన్లు తప్పనిసరి అని. ఇక్కడ మూడు మెట్లుంటాయి. ఆర్-1 అంటే మామూలు కార్లకి చైన్లో స్నో టైర్లో ఉండాలి. ఆర్-2 అంటే ఫోర్ వీల్ డ్రైవో ఆల్ వీల్ డ్రైవో ఉండి, నాలుగూ స్నో టైర్లైన బండ్లకి తప్ప అందరికీ చైన్లే. ఆర్-3 అంటే ఎవరికీ మినహాయింపు లేదు, కానీ అంతదాకా వస్తే ఎక్కువసార్లు రోడ్డే మూసేస్తారు. ఆ రోజు ఆర్-2. రాష్ట్ర రోడ్ల శాఖ క్యాల్‌ట్రాన్స్ వాళ్ల క్విక్‌మ్యాప్ యాప్‌లో కూడా అదే చూపిస్తోంది. టాహో వెళ్లేవాళ్లు గూగుల్ మ్యాప్స్‌కన్నా ముందు అది చూసుకోవడం మంచిది.

నయాక్ అనే చోట పక్కకి ఆపాం. పదుల కొద్దీ కార్లు, అన్నిటికీ బ్లింకర్లు, మధ్యలో పసుపుపచ్చ వెస్టుల మీద నంబర్లు వేసుకున్న మనుషులు. నాన్న వాళ్లని గవర్నమెంటు ఉద్యోగులనుకున్నాడు. కాదు, రాష్ట్రం దగ్గర పర్మిట్ తీసుకుని సొంతంగా పని చేసుకునేవాళ్లు. చైన్లు బిగిస్తారు, విప్పుతారు, కూలి తీసుకుంటారు. అమ్మడం, అద్దెకివ్వడం మాత్రం కూడదు, చైన్లు నీ దగ్గర ఉండాల్సిందే. పక్క కారు దగ్గర ఒకాయన పడుకుని, మేం మూత తీసేలోపు ఒక వైపు పూర్తి చేసేశాడు. 40 డాలర్లు. నాన్న చేతులు వెనక్కి కట్టుకుని ఆయన పని మొత్తం చూశాడు. తర్వాత నాచేత అడిగించాడు, రోజుకి ఎన్ని కార్లు అని. ఆయన నవ్వి, మంచు బాగా పడితే లెక్కపెట్టే టైముండదు, పడకపోతే పని ఉండదు అన్నాడు. ఆ మాట తెలుగులో చెప్తే నాన్న చాలాసేపు తల ఊపాడు.

మా కారుకి నేనూ నాన్నా వేసుకున్నాం. ముందురోజు చేసిన పనే, కానీ ఎండిన నేల మీద చేసినట్టు ఉండదు. బురద మంచు మ్యాటు మీదకి ఎక్కుతుంది, పక్కనుంచి లారీ పోతే ముఖాన చల్లుతుంది, రబ్బరు గ్లవ్స్‌తో కొక్కెం పట్టు దొరకదు, గ్లవ్స్ తీస్తే ఇనుము చర్మానికి అంటుకున్నట్టుంటుంది. అమ్మ కారు అద్దం కొంచెం దించి పులిహోర తింటారా అని అడుగుతోంది.

మా వెనక టెస్లాలో ఒక జంట. ఆవిడ దిగి మా మాటలు విని "మీరు తెలుగువాళ్లాండీ?" అంది. ఖమ్మం వాళ్లట. వాళ్లవి గొలుసులు కావు, టైరు మొత్తానికి తలదిండు గలీబులా తొడిగే గుడ్డ తొడుగులు. పై సగానికి తొడిగి, కారు కొంచెం ముందుకి జరిపి, మిగతా సగం లాగేశారు. ఐదు నిమిషాల పని, బట్టలు కూడా తడవలేదు. మా ఆవిడ నా వైపు చూసిన చూపు గురించి రాయను.

ఈలోగా బావ. లైట్ పట్టుకున్న ఉద్యోగి కిటికీ దగ్గర ఆగి ఆల్ వీల్ డ్రైవా అని అడిగి, టైరు వైపు ఒకసారి చూసి, పొమ్మని చెయ్యి ఊపాడు. డిక్కీలో చైన్లున్నాయా అని అడగలేదు. బావ హారన్ కొట్టి మరీ వెళ్లాడు.

చైన్లతో గంటకి 30 మైళ్లు దాటకూడదు. కొంచెం దూరం పోయాక ఆపి మళ్లీ బిగించాలి, ఎందుకంటే చక్రం తిరిగాక వదులు బయటపడుతుంది. ఇదొక్కటి చెయ్యనివాళ్ల చైన్లే ఎక్కువగా తెగి, ఫెండర్‌ని కొట్టుకుంటూ కనిపిస్తాయి. ఈ దారిలో అన్నిటికన్నా ఎత్తైన చోటు డానర్ సమ్మిట్, 7,239 అడుగులు. అక్కడ గాలి అడ్డంగా కొడుతోంది, ముందు కారు ఎర్ర లైట్లు తప్ప ఏమీ లేవు. నాన్న డాష్‌బోర్డు మీద చెయ్యి వేసి కూర్చుని "గేరు తగ్గించు. ఎక్కిన గేర్లోనే దిగాల" అన్నాడు. ఘాట్ డ్రైవర్ల పాఠం. ఆటోమేటిక్ కారులో కూడా పనికొస్తుంది: లో గేరుకి లాగితే ఇంజనే బండిని పట్టుకుంటుంది, బ్రేకు మీద కాలు అవసరం తగ్గుతుంది, చక్రం జారే భయం తగ్గుతుంది.

మేం దిగాల్సిన ఊరు ట్రక్కీ చేరేసరికి సాయంత్రం నాలుగున్నర. మామూలుగా అయితే నాలుగు గంటల దారి. బావ వాళ్లు అప్పటికే రెండు గంటల ముందు చేరి, హాట్ చాక్లెట్ ఫొటోలు పంపిస్తూ ఉన్నారు. పెట్రోల్ బంకు దగ్గర ఖమ్మం వాళ్లు మళ్లీ కనిపించారు. దారిలో మంచు తోసే ప్లౌ బండి లాగేసి ఉప్పు చల్లిన చోట తారు బయటపడి ఉంది, ఆ తారు మీద నడిచి నడిచి ఒక తొడుగు అంచు పీలికలైపోయింది. "మంచు ఉన్నంతసేపు బానే ఉందండీ, ఆపి తీసే చోటే దొరకలేదు" అంది ఆవిడ. అమ్మ వాళ్లకి చెక్కలిచ్చింది, వాళ్లు మాకు సకినాలిచ్చారు.

శనివారం, డానర్ సరస్సు

తుపాను వెళ్లిపోయింది, ఆకాశం కళ్లు తెరవలేనంత నీలం. మేం దిగిన ఇల్లు ఒక ఏటవాలు వీధిలో ఉంది. పొద్దున్నే లేచేసరికి ప్లౌ బండి వీధంతా శుభ్రం చేసి, ఆ మంచునంతా మా వాకిలికి అడ్డంగా మోకాలెత్తు గోడలా పెట్టి పోయింది. నా చిన్న పారతో గీరుతుంటే ఎదురింటి పెద్దావిడ చూడలేక, వెడల్పాటి అల్యూమినియం పార తెచ్చి ఇచ్చింది. వైపర్లు అద్దానికి అంటుకుపోతాయి, రాత్రి పైకి ఎత్తి ఉంచండి అని చెప్పింది. వీధిలో కారు ఆపొద్దు, ప్లౌకి అడ్డమైతే లాక్కుపోతారు అని కూడా. డెబ్బై దాటి ఉంటాయి, ఆవిడ గడ్డపార తీసుకుని చూరుకి వేలాడే మంచు కడ్డీలు కొడుతోంది. అమ్మ ఆవిడకీ చెక్కలిచ్చింది. కారమా అని అడిగింది, కొంచెం అన్నాం, అది అబద్ధం.

డానర్ మెమోరియల్ స్టేట్ పార్కుకి వెళ్లాం. 1846లో బండ్లు కట్టుకుని కాలిఫోర్నియాకి వలస వస్తున్న కుటుంబాలు ఇక్కడ మంచులో ఇరుక్కుపోయాయి. దాదాపు సగం మంది చనిపోయారు, ఆకలికి తట్టుకోలేక చనిపోయినవాళ్లని తిన్నారు. స్మారక స్తంభం పీఠం ఎత్తు 22 అడుగులు, ఆ ఏడాది మంచు అంత లోతు ఉందని చెప్పడానికి అలా కట్టారు. నాన్న పీఠం కింద నిలబడి పైకి చూశాడు. "బండ్లు ఎద్దులవా?" ఎద్దులవే. "ఎద్దులు పోయాక మరేటి చేస్తారు" అని, ఇంకేమీ మాట్లాడకుండా లోపల మ్యూజియంలో ప్రతి బండి చక్రం దగ్గరా ఆగాడు.

పిల్లలు సాయంత్రం దాకా ప్లాస్టిక్ స్లెడ్ల మీద జారారు. స్లెడ్ 25 డాలర్లు, ఫ్రీమాంట్‌లో కొని తెచ్చుకుంటే సగానికి వచ్చేది. గుట్ట కింద విరిగిన స్లెడ్ ముక్కలు రంగురంగులుగా పడి ఉన్నాయి, వాటిని వదిలేసి పోయేవాళ్లంటే స్థానికులకి ఒళ్లు మంట, ఆ మంట న్యాయమే. ట్రక్కీ పాత బజారులో నాలుగు సూపులకీ బ్రెడ్డుకీ 62 డాలర్లు అయ్యింది. నాన్న బిల్లు చూసి మర్నాటి నుంచి ఇంట్లోనే వండుకోవాలని ప్రకటించాడు.

ఆదివారం, ట్రక్కీ

రాత్రి మళ్లీ అరడుగు పడింది, పొద్దున్నకి గడ్డకట్టింది. కారు 19 ఫారెన్‌హీట్ చూపిస్తోంది, సెల్సియస్‌లో మైనస్ ఏడు. పెరుగు అయిపోయిందని బావ కారు తీశాడు. వాకిలి ఎక్కడం అద్భుతంగా ఎక్కింది, నాలుగు చక్రాలూ తిరుగుతాయి గదా. దిగేటప్పుడు వీధి మలుపులో బ్రేకు నొక్కాడు. టకటకమని శబ్దం వచ్చింది, కారు ఏమాత్రం తొందర లేకుండా, తిప్పిన వైపు కాకుండా తిన్నగా, మనిషి నడిచే వేగంతో పోయి మంచు గట్టులో ముక్కు పెట్టింది. ఆగేటప్పుడు ఆల్ వీల్ డ్రైవ్ చేసేదేమీ లేదు, ఏ కారుకైనా బ్రేకులు నాలుగు చక్రాలకీ ఉంటాయి. పట్టు టైరుది, గొలుసుది.

ఎవరికీ ఏమీ కాలేదు, బంపరు కూడా సొట్టపోలేదు. అసలు సినిమా ఇప్పుడు మొదలైంది. మామగారు అల్లుడికి డ్రైవింగు చెప్పకూడదు. అందుకని నాన్న నా వైపు తిరిగి, వీధి చివరిదాకా వినబడేలా, "ఏరా, దిగుడులో మలుపు ముందు స్పీడు తగ్గించాల గానీ మలుపులో బ్రేకు కొడతావేట్రా?" అన్నాడు. నేను కాఫీ కప్పు పట్టుకుని అరుగు మీద నిలబడి ఉన్నాను. "సారీ నాన్నా" అన్నాను. అక్క ముఖం తిప్పుకుని నవ్వుతోంది. బావ "మామయ్యగారూ, అది..." అన్నాడు. "అయ్యో మిమ్మల్ని కాదు అల్లుడుగారూ, వీణ్ని."

ఎదురింటావిడ కొడుకు పికప్‌తో తాడు కట్టి లాగాడు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు, చైన్లు కొనుక్కో అన్నాడంతే. మా చైన్లు బావ టైర్లకి పట్టవు, సైజు వేరు. ఊళ్లో షాపులో గోడ నిండా ఖాళీ కొక్కేలు, లాంగ్ వీకెండ్ గదా. ఆ సైజుకి మిగిలినది ఒక్క జత, 165 డాలర్లు. కింద ఊళ్లో అయితే తొంభైలో వస్తుంది. బావ ఫోనులో ధర పోల్చి చూస్తుంటే వెనక ఒకాయన ఆ పెట్టె వైపే చూస్తున్నాడు, దాంతో గబుక్కున కార్డు తీశాడు. మాన్యువల్‌లో ఆ మోడల్‌కి ముందు చక్రాలకే వెయ్యాలని ఉంది. ఆల్ వీల్ డ్రైవ్ బండ్లలో ఇది కంపెనీని బట్టి మారుతుంది, ఊహించి వెయ్యకూడదు.

మధ్యాహ్నమంతా వాకిట్లో ట్రైనింగు. నాన్న నాకు చెబుతాడు, నేను కుర్చీలో కూర్చుని ఊఁ కొడతాను, బావ కింద పడుకుని బిగిస్తాడు.

సోమవారం, తిరుగు దారి

సెలవు చివరి రోజు ఈ ఐ-80 హైవే పడమటి వైపు ఎలా ఉంటుందో బే ఏరియాలో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. చిన్నగా మంచు పడుతోంది, సమ్మిట్ అవతల కార్లు అడ్డం తిరిగాయని ట్రక్కీ దగ్గరే ట్రాఫిక్ ఆపేశారు. గంటకి పైగా ఒకే చోట. మ్యాప్ మాత్రం ఉత్సాహంగా, ఊళ్లోంచి పాత డానర్ పాస్ రోడ్డు వైపు పోతే ముప్పై నిమిషాలు కలిసొస్తుందని నీలం గీత గీసింది. బావ ముందు కారులో ఇండికేటర్ వేశాడు. నేను ఫోన్ స్పీకర్లో పెట్టాను.

"ఒరే, హైవే మూసినోళ్లు ఆ రోడ్డు తెరిచి ఉంచుతారేట్రా?" అన్నాడు నాన్న నాతో, స్పీకరుకి దగ్గరగా వంగి. ఇండికేటర్ ఆగిపోయింది. ఆ దారిలో పోయి తిరిగొస్తున్న కార్లు కాసేపటికి మా పక్కనుంచే వరసలోకి దూరబోతే ఎవరూ చోటివ్వలేదు, అందులో ఒకాయన చెప్పాడు, పైన గేటు వేసి ఉందట. ఇళ్ల మధ్య సందుల్లోకి కార్లు రాకుండా అట్టముక్కల మీద రాసి పెట్టిన బోర్డులు కూడా చూశాం. ఊరివాళ్ల బాధ వాళ్లది, అంబులెన్స్ వచ్చినా దారుండదు.

వదిలారు. మళ్లీ ఆర్-2. ఈసారి బావ ఎవరూ అడగకుండానే చైన్లు వేశాడు, మేం వేసుకున్నంతసేపట్లోనే. సమ్మిట్ దాటి దిగుతుంటే రెండు కార్లూ ఒకదాని వెనక ఒకటి గడగడలాడుకుంటూ, పక్క లేన్లో చైన్లు లేని పెద్ద పికప్‌లు దూసుకుపోతూ. వాటిలో ఒకటి తర్వాత ఎమిగ్రంట్ గ్యాప్ దగ్గర గట్టు మీద కనిపించింది. నాన్న ఏమీ అనలేదు, నా వైపు కూడా తిరగలేదు.

చైన్ కంట్రోల్ అయిపోయిందన్న బోర్డు దాటగానే ఆపి విప్పాం. ఉత్త తారు మీద నడిపితే తెగుతాయి. తడి చైన్లు పెట్టెలో దూరవు, చెత్త సంచీలో వేసి కట్టాలి, ఒక సంచీ ముందే పెట్టుకోండి. రాత్రి తొమ్మిదికి రోజ్‌విల్‌లో ఒక ఇండియన్ హోటల్లో వేడివేడి సాంబారన్నం తిన్నాం, రుచి ఎలా ఉందో అడిగే స్థితిలో ఎవరూ లేరు. అక్కడ బావ లెక్క వేశాడు: తొంభైది నూట అరవై ఐదుకి కొన్నాను, విప్పేశాను, వెనక్కి తీసుకోరు. అమెజాన్‌లో సెకండ్ హ్యాండ్‌గా పెడితే ఎంతొస్తుంది బావా అని నన్ను అడిగాడు. నాన్న అన్నం కలుపుతూ మొదటిసారి నేరుగా అల్లుడితోనే అన్నాడు, "ఉండనివ్వండి. మా చిన్నోడు ఈసారి మర్చిపోతే పనికొస్తాయి."

సైజు వేరని ఎవరూ గుర్తు చెయ్యలేదు.

ఫ్రీమాంట్ వచ్చాక మర్నాడు పొద్దున్న నాన్న చైన్లని మంచినీళ్లతో కడిగి బాల్కనీ కమ్మీకి ఆరేశాడు, రోడ్డు మీద చల్లిన ఉప్పు అంటుకుని ఉంటే తుప్పు పడతాయి. ఎడమ చక్రం దాంట్లో లోపలివైపు ఒక అడ్డ కేబుల్ చుట్ట అరిగి తీగ బయటికొచ్చింది. దాన్ని విడిగా అమ్మరు, కొత్త జతే కొనాలి. ఈసారి చలికాలం వచ్చేదాకా ఆగకుండా, ధర తక్కువుండే ఎండాకాలంలోనే కొంటాను.